లైన్‌మన్ ఇంట్లో కేబుల్ తీగ

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశాను. అందులో ఇరవై నాలుగేళ్లు తిరువూరులోనే. ఏ వీధిలో ఏ స్తంభం దగ్గర జాయింటు ఉందో, ఏ జాయింటు వానకి తడిస్తే ఎవరి ఫోను గరగరమంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అటు నెమలి దాకా, ఇటు ఎ.కొండూరు దాకా మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే అనుకోండి. తర్వాత చెప్పబోయేది నా తప్పు గురించి కాబట్టి ముందు కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి.

మా ఇంట్లో టెలిఫోన్ నాలుగు చోట్ల మోగేది. ముందు గదిలో ఒకటి, పడగ్గదిలో ఒకటి, వంటింట్లో మా ఆవిడ కోసం ఒకటి, వీధి వరండాలో నా పడక్కుర్చీ పక్కన ఒకటి. కనెక్షన్ ఒక్కటే. వచ్చే తీగని మధ్యలో గిల్లి, ఇంకో తీగ ముడేసి పక్క గదిలోకి లాక్కోవడమే. మాలాంటి వాళ్ల ఇళ్లన్నిట్లో ఇదే వరస. బయటివాళ్ల ఇంట్లో ఇలా కనిపిస్తే "ఎవరండీ ఈ పని చేసింది?" అని కసిరేవాణ్ణి. మా ఇంట్లో మాత్రం అది హోదా. వచ్చిన చుట్టాలు నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగడం విని ఉలిక్కిపడితే నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది.

కేబుల్ టీవీ తీగలంటే నాకు మొదటినుంచీ పడదు. మేము ఎండలో గుంత తవ్వి నిలబెట్టిన స్తంభాలకి వాళ్లు ప్లాస్టిక్ తాడు చుట్టి తీగ లాక్కుపోయేవారు. మా వీధికి కేబుల్ ఇచ్చే భాయ్‌కీ నాకూ ఈ విషయంలో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పొద్దున నేను అతని తీగ కోసేవాణ్ణి, సాయంత్రానికి అతను మళ్లీ కట్టేవాడు. ఓసారి స్తంభం మీద నేనుండగా కింద నిలబడి, "అన్నా, నువ్వు కోసేది కోసెయ్, సీరియల్ అయ్యాక కొయ్, ఆడోళ్లు నన్ను తిడతన్నారు" అన్నాడు. నేను సీరియల్ మధ్యలోనే కోశాను.

రిటైరయ్యాక కూడా నాకు ఆ లైను మీద ప్రేమ పోలేదు. మా వాళ్లకి డిపార్ట్‌మెంటు రాయితీ మీద ఫోనూ, దాని తీగలోనే ఇంటర్నెట్టూ ఇచ్చారు. ముందు గదిలో చిన్న మోడెం పెట్టారు. దాని పక్కన అగ్గిపెట్టంత ఫిల్టరు డబ్బీ ఒకటి ఇచ్చారు. ఒకే తీగలో మాటా, నెట్టూ కలిసి వస్తాయి కాబట్టి ఆ రెండింటినీ విడదీసేది అదే. ఇంట్లోకి వచ్చిన తీగ ముందు ఆ డబ్బీలోకి వెళ్లాలి, ఫోన్లన్నీ ఆ తర్వాతే ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మా నాలుగు ఫోన్లలో మూడింటి తీగలు డబ్బీకి ముందే చీలిపోయాయి. వాటిని సరిచేయాలంటే గోడల్లోంచి లాగిన తీగలన్నీ పీకాలి. ఆ నియమాలు బయటివాళ్లకి చెప్పడానికే అనుకున్నాను.

ఇక అసలు విషయం. మా కోడలు లెక్కల టీచరు. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు చెప్పింది. కరోనా తర్వాత స్కూలు తెరిచారు గానీ టీచర్లను తగ్గించారు, తగ్గించినవాళ్లలో ఆమె కూడా ఉంది. రెండేళ్లు ఇంట్లోనే ఉంది. వంట చేసేది, పాపని చూసుకునేది, దేనికీ లోటు చేసేది కాదు. కానీ ఇంతకుముందు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి ఆ రోజు పిల్లలు చేసిన అల్లరి కథలుకథలుగా చెప్పి మమ్మల్ని నవ్వించే మనిషి, చెప్పడానికేమీ లేనట్టు అయిపోయింది. మా ఆవిడ ఒకటి రెండుసార్లు అంది కూడా, "ఈ పిల్ల వాడిపోతందండీ" అని. నేను వినీ విననట్టు ఊరుకున్నాను.

అలాంటి సమయంలో ఇంటి నుంచే కంప్యూటరులో పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి ఉందని ఆమె తోటి టీచరు చెప్పింది. దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది డెమో. నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. అవతల కంపెనీ వాళ్లే పిల్లల్లా కూర్చుని వింటారు. పాఠం బాగుండాలి, అది ఎలాగూ బాగుంటుంది. దాంతోపాటు బొమ్మ ఆగకూడదు, మాట తెగకూడదు. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ తప్పితే ఏడాది దాకా మళ్లీ ఆ గుమ్మం ఎక్కనివ్వరు.

ఆమె బీరువా అద్దం ముందు నిలబడి భిన్నాలు చెప్పడం ప్రాక్టీసు చేసేది. దోసెని మూడు వంతులు చేస్తే, ఆరు వంతులు చేస్తే అంటూ. నేను వరండాలో కూర్చుని వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా అరవై అయిదో ఏట భిన్నాలు నాకు మొదటిసారి అర్థమయ్యాయి.

కంప్యూటరు వాళ్ల నాన్న కొనిచ్చాడు. మా వియ్యంకుడిది ఎ.కొండూరు దగ్గర వ్యవసాయం. కూతురికి మళ్లీ ఉద్యోగం వచ్చేలా ఉందని వినగానే, ఆ ఏడు మామిడి అమ్మిన డబ్బుతో ఒక్కడే విజయవాడ వెళ్లి, నాలుగు షాపులు తిరిగి కొన్నాడు. ఆయనకి వాటి సంగతి తెలియదు. ప్రతిదాన్నీ చేత్తో ఎత్తి చూసి, అన్నిట్లో బరువైనది గట్టిదని అది తీసుకున్నాడట. అది తెచ్చి ఇచ్చిన రోజు మా కోడలు నవ్వింది, చాలా రోజుల తర్వాత.

సెల్లు నెట్టు మా ఊరి చివర నిలబడదు కాబట్టి, ఏ నెట్టు వాడాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా అబ్బాయి ట్రాక్టర్ల షోరూములో మెకానిక్కు. వాడు అన్నం తింటూ, "నాన్నా, భాయ్ దగ్గర కేబుల్ నెట్టు పెట్టించుకుందాం. మా షోరూములో అదే. స్పీడు బాగుంటది" అన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. "టెలిఫోన్ లైను అంటే ఏంట్రా? ఎక్స్ఛేంజీ నుంచి మన ఇంటి దాకా రెండు తీగలు మనకోసమే వస్తాయి. మధ్యలో ఇంకోడి వాటా లేదు. కేబుల్ అట్టా కాదు. వీధి మొత్తానికీ ఒకటే తీగ, దాన్నే ఇంటింటికీ పంచుతారు. సాయంత్రం అందరూ సినిమాలు పెట్టుకున్నారంటే నీ వాటాకి నీళ్లు రాని కుళాయే. పైగా వీధిలో వాడు పెట్టిన డబ్బాకి కరెంటు ఉంటేనే నీకు నెట్టు. ఇంట్లో లైన్‌మన్ని పెట్టుకుని కేబులోడి కాళ్లు పట్టుకుంటారా?"

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఇప్పటికీ ప్రతి మాటకీ కట్టుబడి ఉంటాను. చెప్పకుండా వదిలేసిన మాటలు వేరే ఉన్నాయి. టెలిఫోన్ తీగలో నెట్టు ఎక్స్ఛేంజీ నుంచి దూరం పోయేకొద్దీ నీరసపడుతుంది. మా ఇల్లు ఊరి చివర. అది కాక ఆ లైనులో మన దగ్గరికి దిగే దారి వెడల్పు, మన దగ్గర్నుంచి పైకి వెళ్లే దారి ఇరుకు. జనం నెట్టులోంచి తీసుకోవడమే గానీ ఇచ్చేది ఏమీ లేని రోజుల్లో పెట్టిన ఏర్పాటు అది. పాఠం చెప్పే మనిషికి కావలసింది పైకి వెళ్లే దారి. ఆమె బొమ్మ, ఆమె మాట, ఆమె రాసే లెక్కా అన్నీ పైకే వెళ్లాలి.

మా కోడలు మా ఇద్దరికీ మజ్జిగ పోసింది. "మామయ్యగారి లైనే వాడదామండీ" అంది మా అబ్బాయితో.

మొదటి డెమో రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ముందు గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరూ చప్పుడు చేయకూడదన్నాను. మా ఆవిడ మిక్సీ కూడా వేయలేదు. పావుగంట గడిచింది. లోపల్నుంచి దోసె భిన్నాలు బాగానే వినిపిస్తున్నాయి. అప్పుడు ఫోను మోగింది. ముందు గదిలో ఆమె పక్కన ఉన్నది కూడా మోగుతోందని భయపడి, వరండాలో ఉన్నదాన్ని రెండో గంటకే ఎత్తేశాను. చేసింది వినగడపలో ఉండే నా పాత తోటి లైన్‌మన్. పెట్టెయ్యాలి కదా. పెట్టలేదు. గొంతు తగ్గించి, "ఇప్పుడు నా లైను మీదే మా కోడలు ఊరూరి పిల్లలకీ పాఠం చెబుతోందయ్యా" అని మొదలుపెట్టాను. మన జాయింట్లు అలాంటివి అని అతను, మరేమనుకున్నావు అని నేను, ఒకర్నొకరం పొగుడుకుంటూ అయిదు నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఫోను పెట్టేసేసరికి కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. "కట్టయిపోయిందండీ" అంది. మోడెం మీద ఉండాల్సిన పచ్చ దీపం ఆరిపోయి, మళ్లీ వెలగడానికి తన్నుకుంటోంది. ఫోను మోగగానే నెట్టు పడిపోయింది, నేను మాట్లాడినంతసేపూ లేవలేదు. డబ్బీకి ముందే చీలిన తీగల పని అది. నాకు ఆ క్షణంలోనే తట్టింది. తట్టినా నోరు ఇంకోటి అంది.

"ఆ కంప్యూటరు చూస్తేనే అనుకున్నానమ్మా. ఈ రోజుల్లో ఇంత బరువున్నవి ఎక్కడున్నాయి? పాత సరుకు అంటగట్టి ఉంటారు మీ నాన్నకి."

ఆమె మోడెం వైపు ఒకసారి చూసి, కంప్యూటరు మూసేసింది. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ఆ సాయంత్రం వియ్యపురాలితో ఫోనులో కష్టసుఖాలు మాట్లాడుతూ, "కంప్యూటరు మంచిది కాదంటన్నారు వదినగారూ, మా ఆయన" అని చెప్పేసింది. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో అలాంటి మాట ఎలా తగులుతుందో మనందరికీ తెలిసిందే. మర్నాడు మొదటి బస్సుకి వియ్యంకుడు దిగాడు. ఒక చేతిలో మామిడికాయల సంచి, రెండో చేతిలో కండువా. కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చున్నాడు.

"బావగారూ, బరువుగా ఉంటే గట్టిదనుకుని కొన్నానండీ. మాకేం తెలుసు? మట్టి పిసుక్కునేవాళ్లం. పిల్లకి పనికిరానిది ఇచ్చాను."

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన్ని క్షమించాను. "పోనీలెండి బావగారూ, ఎవరికైనా జరిగేదే, దానికంత బాధపడతారేంటి" అని ఆయన భుజం తట్టాను. కాఫీ తెప్పించాను. ఆయన నా మంచితనానికి కళ్లలో నీళ్లు పెట్టుకున్నంత పని చేసి, కంప్యూటరుని తువ్వాల్లో చుట్టుకుని, ఆ ఎండలోనే విజయవాడ బస్సెక్కాడు. మా కోడలు బస్టాండు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది.

మూడో రోజు తిరిగి తెచ్చాడు. షాపువాళ్లు ఏ లోపమూ లేదన్నారట. ఆయన నమ్మలేదు. లేదంటే ఊరుకునేది లేదని కూర్చుని, దాన్ని విప్పించి, శుభ్రం చేయించి, ఏవో రెండు మూడు సామాన్లు మార్పించాడు. "అంతా కొత్తదాని మాదిరి చేయించానండీ. ఇంక ఇబ్బంది ఉండదు" అన్నాడు, నా వైపు చూస్తూ. నేను తలూపాను.

రెండో డెమోకి నేను జాగ్రత్తపడ్డాను. ఎవరూ ఫోను చేయకుండా తెలిసినవాళ్లందరికీ ముందే చెప్పాను. ఫోను మోగలేదు, నెట్టు పడిపోలేదు. అయినా ఇరవై నిమిషాల దగ్గర లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. "సార్, వినపడతందాండీ? సార్? ఇప్పుడు కనపడతన్నానా?" అదే మాట నాలుగుసార్లు అడిగింది. అవతలి మనుషులు ఆమెకి చక్కగా కనిపిస్తున్నారు. ఈమె మాత్రం వాళ్లకి నోరు తెరిచిన ఫోటోలా ఆగిపోయింది. దిగే దారి బాగుంది, ఎక్కే దారి మూసుకుపోయింది.

ఆమె బయటికి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లి బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఈసారి కంప్యూటరు మాట నేను ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. అందరూ ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

మధ్యాహ్నం స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు తీసుకుని నాలుగు ఫోన్లలో మూడు పీకేశాను. గోడల్లోని తీగలు లాగేశాను. వరండాలోంచి బయటికి వెళ్లే తీగ మొత్తం విప్పి, స్తంభం మీది డబ్బా దాకా కొత్త ముక్క వేశాను. డబ్బాలో నా చేత్తో వేసిన పాత జాయింటు పచ్చగా చిలుం పట్టి ఉంది. దాన్నీ మార్చాను. ఆ తర్వాత మా అబ్బాయిని పిలిచి స్పీడు చూడమన్నాను. దిగేది కాస్త పెరిగింది. ఎక్కేది ఉన్నచోటే ఉంది. కంపెనీవాళ్లు అడిగినదానిలో మూడో వంతు కూడా లేదు. మా కోడలు చెప్పిన భిన్నాలు ఇందుకా పనికొచ్చాయి అనుకున్నాను. నేను ఎంత మంచి జాయింటు వేసినా అది రాదు. ఆ లైను పుట్టుకే అంత.

కోడలు నాకు టీ తెచ్చి ఇచ్చి, కింద పడి ఉన్న మూడు ఫోన్లనీ చూసింది. ఏమీ అడగలేదు. చీపురు తెచ్చి గోడ సున్నం ఊడ్చి వెళ్లిపోయింది. ఆమెకి మొదటి రోజు నుంచే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

చొక్కా వేసుకుని భాయ్ ఆఫీసుకి నడిచి వెళ్లాను. ఆఫీసంటే బజారులో ఒక మడిగె. గోడల నిండా తీగ చుట్టలు. నన్ను చూసి భాయ్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంటన్నా, ఈడకి కూడా కత్తెర తెచ్చావా?"

"నెట్టు కావాలి భాయ్. మా కోడలికి."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా. కానీ డెమో సంగతి చెప్పేసరికి నవ్వు ఆపి, ఎన్నో తారీఖు, ఎన్ని గంటలకి అని అడిగాడు. "సాయంత్రమైతే మాట ఇవ్వలేనన్నా, వీధంతా మీద పడతారు. పొద్దున పెట్టుకోమను. పొద్దునైతే రాజా మాదిరి పోద్ది" అన్నాడు. నేను ఇంట్లో కేబుల్ గురించి తిట్టిన తిట్టునే అతను తన నోటితో ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్లలో నేను నా లైను గురించి ఎవరికీ అంత నిజం చెప్పలేదు.

మర్నాడు అతనే నిచ్చెన వేసుకుని వచ్చాడు. మా సందులో ఎదురింటి గోడకి వాళ్ల డబ్బా ఉంది. ఆ ఇల్లు బట్టల షాపు వాళ్లది. డబ్బాకి వాళ్లు కరెంటు ఇస్తారు, అందుకు బదులు భాయ్ వాళ్లకి కేబుల్ ఊరికే ఇస్తాడు. అక్కడ్నుంచి మా ఇంట్లోకి తీగ లాగాడు. అతని పనిలో తప్పు వెతుకుదామని నిచ్చెన కింద నిలబడ్డాను. తీగ వంపు దగ్గర వాననీళ్లు లోపలికి జారకుండా కిందికి చిన్న లూపు వదిలాడు. మేమూ అలాగే వదిలేవాళ్లం. మా అబ్బాయి స్పీడు చూశాడు. ఎక్కే దారీ దిగే దారీ రెండూ సమానంగా ఉన్నాయి. నా లైనుకి పది రెట్లు ఉంది. నేను మంచినీళ్లు తాగి వచ్చాను.

మూడో డెమో ఒక శనివారం పొద్దున పదకొండు గంటలకి. భాయ్ చెప్పినట్టే పొద్దునే పెట్టుకుంది. ఆ వారం రోజులూ నెట్టు ఒక్కసారి కూడా పోలేదు. పదిన్నరకి పోయింది.

మా ఇంట్లో కరెంటు ఉంది. వీధిలో ఉంది. ఎదురింటి గేటుకి తాళం ఉంది. బట్టల షాపు వాళ్లు కుటుంబమంతా మొక్కు తీర్చుకోవడానికి నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్లారు. మా ఊళ్లో ఇల్లు తాళం వేస్తున్నామంటే గ్యాసు కట్టేయాలి, కరెంటు మెయిన్ దించాలి, అప్పుడే తాళం. మా ఇంట్లోనూ అంతే. వాళ్లు పద్ధతి తప్పకుండా మెయిన్ దించి వెళ్లారు. గోడ మీది డబ్బా చచ్చిపోయింది, దాంతోపాటు మా సందులో నెట్టంతా.

భాయ్‌కి ఫోను చేశాను. "అన్నా, వినగడపలో ఉన్నా, ఎంత తోలినా గంటకి పైనే పడతది. డబ్బాలో బ్యాటరీ పోయి రెండు నెలలైంది, అల్లా మీద ఒట్టు, ఇయ్యాలో రేపో మారుద్దామనుకుంటన్నా" అన్నాడు. తిట్టడానికి టైము లేదు. డబ్బా తీగ ఎక్కడికి వెళ్తుందో అడిగాను. కిటికీ లోపలి ప్లగ్గుకి అన్నాడు.

కోడలు ముందు గదిలో చీర కట్టుకుని, జడ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. "పదకొండుకి ఆన్ చెయ్యమ్మా. నేను చూసుకుంటాను" అని బయటికి వచ్చాను.

ఎదురింటి పిట్టగోడ దాటి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చి ప్లగ్గు పీకి బయటికి లాగాను. మా ఇంట్లోంచి పొడుగు వైరు బోర్డు సందు అడ్డంగా తెచ్చాను. అది చాలింది గానీ డబ్బా నుంచి వేలాడే తీగ పొట్టి. కింద పెట్టిన బోర్డుకి అందలేదు. బోర్డునే పైకి ఎత్తి పట్టుకుంటే అందింది. పైగా ఆ రంధ్రాలు వదులు, వేలితో ప్లగ్గుని నొక్కి ఉంచకపోతే జారిపోతోంది. స్టూలు ఎక్కి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి, నొక్కి పట్టుకుని నిలబడ్డాను. డబ్బాలో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. మా ఆవిడ గొడుగు తెచ్చి నా మీద పట్టింది.

నలభై నిమిషాలంటే కుర్చీలో కూర్చున్నవాడికి ఏమీ కాదు. అయిదు నిమిషాలకి భుజాలు లాగాయి. పది నిమిషాలకి వేళ్లు తిమ్మిరెక్కాయి. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. నేను నలభైసార్లు ఫోను బాగుచేసిన కిరాణా కొట్టాయన స్కూటరు ఆపి, "ఏం బాబాయ్, కేబులోళ్లలో చేరిపోయావా?" అని అడిగాడు. "అవును, పో" అన్నాను. సందు అవతల మా ఇంట్లోంచి దోసెని మూడు వంతులు చేయడం వినిపించింది. ఆరు వంతులు చేయడం వినిపించింది. ఈసారి ఆమె ఎవర్నీ వినపడుతోందా అని అడగలేదు. ఒకచోట అవతలివాళ్లు ఏదో అంటే గట్టిగా నవ్వింది.

భాయ్ బండి సందులోకి వచ్చేసరికి పాఠం అయిపోయింది. స్టూలు మీద నుంచి నన్ను దించింది అతనే. చేతులు కిందికి రాలేదు కాసేపు.

వాళ్లు అప్పటికప్పుడే చెప్పేశారు. వచ్చే నెల నుంచి చేరమన్నారు. కోడలు మా ఆవిడని పట్టుకుని ఏడ్చింది, నన్ను చూసి కళ్లు తుడుచుకుని, "భుజాలకి కొబ్బరినూనె రాయించుకోండి మామయ్యా" అంది. ఆ తర్వాత వాళ్ల నాన్నకి సెల్లులో ఫోను చేసింది. నేను వరండాలో ఉన్నాను. నాకు వినపడాలని ఆమె మాట్లాడలేదు.

"వచ్చింది నాన్నా. అవును, వచ్చింది... కంప్యూటరా? బ్రహ్మాండంగా చేసింది. నువ్వు విజయవాడ తీసుకెళ్లి బాగుచేయించావుగా, అప్పట్నించి అసలేం ఇబ్బంది లేదు."

నా ముఖం చెల్లలేదు. ఆ పిల్ల ఉద్యోగం వచ్చిన సంతోషంలో కూడా నా అబద్ధాన్ని మోస్తోంది. నేను అడ్డదిడ్డంగా అన్న ఒక్క మాట కోసం అవతల ఒక మనిషి, కూతురికి పనికిరానిది ఇచ్చి తర్వాత ఎలాగో బాగుచేయించానని అనుకుంటూ బతుకుతున్నాడు. లేచి లోపలికి వెళ్లి, ఫోను ఇలా ఇవ్వమ్మా అన్నాను. ఆమె కంగారుపడింది. "ఎందుకండీ మామయ్యా, వద్దులెండి" అంది. ఇచ్చేదాకా చెయ్యి చాచే ఉంచాను.

"బావగారూ, నేనండీ. మీ కంప్యూటరుకి మొదట్నించీ ఏ జబ్బూ లేదు. మొదటిసారి పోయింది నా ఫోన్ల వల్ల, రెండోసారి పోయింది నా లైను వల్ల. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే మీ మీదికి నెట్టాను. మీరు వచ్చి కుర్చీ అంచున కూర్చుంటే ఊరుకున్నాను. తప్పు నాదండీ."

అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమో అని చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. పోలేదు. ఆయన తిడతాడేమో అనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను.

"అయితే బావగారూ, నేను కొన్నది మంచిదేనాండీ?"

"మంచిదేనండీ" అన్నాను.

"మొదట్నించీ మంచిదేనా?"

"మొదట్నించీ మంచిదేనండీ."

ఆయన పక్కకి తిరిగి ఆ మాట వాళ్లావిడకి చెప్పడం వినిపించింది. మళ్లీ నా దగ్గరికి వచ్చి, ఇంకోసారి అడిగాడు.